గోదావరి నల్లరాతిలో ఆర్గాన్: పరిశోధనలో జడవాయువులు

పీల్చే గాలిలో నూరు పాళ్లకు దాదాపు ఒక పాలు ఆర్గాన్. కచ్చితంగా అయితే 0.93 శాతం; కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. ఇంత ఉండి కూడా అది 1894 దాకా రసాయన శాస్త్రజ్ఞుల కంట పడలేదు. మండదు, మండించదు, దేనితోనూ కలవదు, రంగూ వాసనా లేవు. గాలిలోంచి తీసిన నైట్రోజన్ లీటరుకు 1.2572 గ్రాములు తూగుతోంది, అమ్మోనియా వంటి పదార్థాల నుంచి తీసినది 1.2505 గ్రాములే తూగుతోంది, ఎందుకని లార్డ్ రేలీకి సందేహం వచ్చింది. తేడా అర శాతమే. కొలతలో పొరపాటనుకుని వదిలేస్తే అడిగేవాళ్లుండరు. రేలీ వదల్లేదు. విలియం రామ్సేతో కలిసి గాలిలోని నైట్రోజన్‌ను వేడి మెగ్నీషియం మీదుగా మళ్లీమళ్లీ పంపి, మెగ్నీషియం పీల్చుకున్నది పీల్చుకోగా మిగిలిన వాయువును పట్టాడు. హెన్రీ కావెండిష్ 1785లోనే ఇలాంటి ప్రయోగం చేసి, చివరికి నూట ఇరవయ్యో వంతు కంటే చిన్న బుడగ ఒకటి మిగిలిందని రాసిపెట్టాడు. నూరేళ్లకు పైగా ఆ బుడగ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

1898లో రామ్సే, మోరిస్ ట్రావర్స్ ద్రవరూపంలోకి మార్చిన గాలిని మెల్లగా మరిగిస్తూ నియాన్, క్రిప్టాన్, జీనాన్‌లను వేరుచేశారు. ఈ ట్రావర్సే తర్వాత బెంగళూరు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తొలి డైరెక్టర్ అయ్యాడు. జడవాయువులనే ఈ వాయువుల పరమాణువుల్లో బయటి కక్ష్య ఎలక్ట్రాన్లతో నిండిపోయి ఉంటుంది. హీలియంకు రెండు, మిగిలినవాటికి ఎనిమిది. ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. 1962లో నీల్ బార్ట్‌లెట్ జీనాన్‌తో ఒక సమ్మేళనాన్ని తయారుచేసి ‘ఎప్పటికీ కలవవు’ అన్న మాటకు గండి కొట్టాడు కానీ, మామూలు ఉష్ణోగ్రతల్లో, మామూలు పదార్థాల మధ్య ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది. ఈ వాయువులను పరిశోధనకు పనికొచ్చేలా చేసింది ఆ గుణమే. దారిలో దేనితోనూ కలవని పరమాణువు పెట్టినచోట పెట్టినట్టే దొరుకుతుంది. దాన్ని లెక్కపెట్టవచ్చు.

గుంటూరు గ్రహణం

హీలియం కథ మొదలైంది భూమి మీద కాదు, ఆంధ్రతీరం నుంచి సూర్యుడిని చూస్తుండగా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్షిణ భారతాన్ని అడ్డంగా దాటింది. ఫ్రాన్స్ నుంచి పియేర్ జాన్సెన్, బ్రిటిష్ సైన్యం తరఫున మేజర్ టెనాంట్ గుంటూరులో దుర్భిణులు బిగించారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నైజాం ఇలాకాలోని వనపర్తికి వెళ్లాడు. సూర్యబింబం అంచున ఎగసిపడే మంటల కాంతిని పట్టకం గుండా పంపితే మెరుపు గీతలు కనిపించాయి. అంటే ఆ మంటలు వాయువులు. గీతల్లో ఎక్కువ హైడ్రోజన్‌వి. వాటి మధ్య ఒక పసుపు గీత ఉంది.

జాన్సెన్ గుంటూరులో హీలియం కనిపెట్టాడని తరచుగా రాస్తుంటారు. అది పూర్తి నిజం కాదు. ఆయన ఘనత వేరు: గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా కనిపించాలి కదా అనుకుని మర్నాడు పొద్దున్నే మామూలు సూర్యుడి మీద వాటిని చూశాడు, తర్వాత కూడా రెండు వారాలకు పైగా అక్కడే ఉండి చూస్తూనే ఉన్నాడు. పసుపు గీతను అప్పట్లో చాలామంది సోడియంది అనుకున్నారు. అదే పద్ధతిని ఇంగ్లండ్‌లో విడిగా కనిపెట్టిన నార్మన్ లాకియర్ అక్టోబరు 20న గీతలు చూసి, పసుపు గీత సోడియం జంట గీతల పక్కనే ఉన్నా వాటిలో కలవదని తేల్చాడు. తెలియని మూలకం ఏదో సూర్యుడిలో ఉందన్నాడు. భూమి మీద దాన్ని పట్టింది మళ్లీ రామ్సేనే, 1895లో, క్లీవైట్ అనే యురేనియం ఖనిజంలో. రాతిలో జడవాయువు ఎందుకుంది? యురేనియం క్షీణిస్తూ హీలియంను పుట్టిస్తుందన్న సమాధానం దొరికాకే రాళ్ల వయసు కట్టే విద్య పుట్టింది.

పంగిడి క్వారీల రాయి

రాజమహేంద్రవరం ఎగువన గోదావరికి రెండు వైపులా నల్లరాయి బయటపడి ఉంటుంది. ఎడమ ఒడ్డున కాటేరు దగ్గర కొంత, కుడి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు ఎక్కువ. క్వారీలు, క్రషర్లు ఉన్న ఊళ్లివి. డెల్టా రోడ్లకు, రైలు పట్టాల కిందికి, ఇళ్ల స్లాబులకు కంకర ఇక్కడి నుంచే వెళ్తుంది. ఆ రాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. దీని చుట్టుపక్కల అగ్నిపర్వతం జాడ లేదు. కింద సముద్రపు గవ్వల శిలాజాలున్న ఇసుకరాయి, పైన రాజమండ్రి ఇసుకరాయి, మధ్యలో లావా పొరలు, ఆ పొరల నడుమ సున్నపురాతి పొర. క్వారీ గోడలో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింది పొర కింది కాలానిది, పై పొర పై కాలానిది అని చెప్పడానికి గోడ చాలు. ఎన్నేళ్ల నాటిదో మాత్రం గోడ చెప్పదు.

చెప్పేది ఆర్గాన్. రాతిలోని పొటాషియం పరమాణువుల్లో పదివేలకు ఒకటి కంటే కాస్త ఎక్కువ (0.0117 శాతం) పొటాషియం-40. అది అస్థిరం, 125 కోట్ల ఏళ్లకు సగమవుతుంది. క్షీణించిన పరమాణువుల్లో తొమ్మిదింట ఎనిమిది పాళ్లు కాల్షియంగా మారతాయి, మిగిలిన ఒక పాలు, అంటే సుమారు 11 శాతం, ఆర్గాన్-40 అవుతాయి. కాల్షియంతో లాభం లేదు. రాతిలో ముందు నుంచే బోలెడంత కాల్షియం ఉంటుంది. కొత్తగా చేరినదేదో పాతదేదో తెలియదు. ఆర్గాన్ అలా కాదు. లావా ఎర్రగా కరిగి పారుతున్నప్పుడు, అది ఏ ఖనిజంతోనూ బంధం వేసుకోదు కనుక చాలావరకు బుడగలుగా తప్పించుకుపోతుంది. లావా గడ్డకట్టి స్ఫటికాలు ఏర్పడ్డాక పుట్టిన ఆర్గాన్ మాత్రం స్ఫటికం లోపలే చిక్కుకుంటుంది. అంటే రాయి గడ్డకట్టిన రోజు లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

సూత్రం తేలిక, కొలత కష్టం. రాజమండ్రి బసాల్ట్‌లో పొటాషియం చాలా తక్కువ. గ్రాము రాతిలో మూడు మిల్లీగ్రాముల పొటాషియం ఉందనుకుందాం. ఆరున్నర కోట్ల ఏళ్లలో దానిలోని పొటాషియం-40లో మూడున్నర శాతమే క్షీణిస్తుంది. అందులో ఆర్గాన్ అయ్యేది 11 శాతం. లెక్క వేస్తే గ్రాము రాతికి ఒకటిన్నర నానోగ్రాము ఆర్గాన్ కూడా రాదు. ఒక ఘన సెంటీమీటరు గాలిలో ఉండే ఆర్గాన్ దీనికి పదివేల రెట్లు. గాలి వెంట్రుకవాసి దూరినా ఫలితం గాలిపాలే. అందుకే రాయిని కరిగించే కొలిమినీ, వాయువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌నూ అత్యున్నత శూన్యంలో, గోడలకు అంటుకున్న గాలి సైతం వదిలిపోయేలా వేడిచేసి ఉంచుతారు. రాయి నుంచి వెలువడే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ వంటివాటిని వేడి టైటానియం, జిర్కోనియం లోహాలు పీల్చేస్తాయి. జడవాయువును మాత్రం ఆ లోహాలు ముట్టుకోలేవు. రేలీ, రామ్సే మెగ్నీషియంతో చేసిన పనే ఇది, మరింత సున్నితంగా. అప్పటికీ మిగిలే గాలి ఆర్గాన్‌ను తీసివేయడానికి ఒక కొలబద్ద ఉంది: గాలిలో ఆర్గాన్-36 ఒక పాలుంటే ఆర్గాన్-40 దాదాపు 299 పాళ్లు. రాతి వాయువులో ఆర్గాన్-36 ఎంతుందో కొలిచి, దానికి 299 రెట్లు మొత్తంలోంచి కొట్టేస్తారు.

ఇంకో చిక్కు. పొటాషియంను ఒక ముక్కలో, ఆర్గాన్‌ను మరో ముక్కలో కొలిస్తే రెండు ముక్కలూ ఒకలాంటివే అన్న నమ్మకం కావాలి. 1966లో మెరిహ్యూ, టర్నర్ దీనికి చక్కని ఉపాయం చెప్పారు. రాయిని అణు రియాక్టర్‌లో పెట్టి న్యూట్రాన్లు తాకిస్తే పొటాషియం-39లో కొంత ఆర్గాన్-39గా మారుతుంది. ప్రకృతిలో అది దాదాపు లేనిదే. కాబట్టి రాతిలోంచి వచ్చిన ఆర్గాన్-39 ఎంతో, పొటాషియం ఎంతో చెప్పేస్తుంది. ఆర్గాన్-40 వయసు చెబుతుంది. రెండూ ఒకే ముక్కలో, ఒకే వాయువులో, ఒకే పరికరంలో. అంతేకాక రాయిని ఒక్కసారిగా కరిగించనక్కర్లేదు. మెట్లుమెట్లుగా వేడిచేసి, ప్రతి మెట్టులో వచ్చిన వాయువుకు విడిగా వయసు కట్టవచ్చు. స్ఫటికం అంచుల నుంచి ఆర్గాన్ కారిపోయి ఉంటే తక్కువ ఉష్ణోగ్రత మెట్లలో వయసు తక్కువ వస్తుంది. లోపలి భాగం చెడకుండా ఉంటే తర్వాతి మెట్లన్నీ ఒకే అంకె చెబుతాయి. అలా వరుసగా ఒకే అంకె వస్తేనే దాన్ని నమ్ముతారు.

రాజమండ్రి రాయి ఈ పరీక్షకు తేలికగా లొంగలేదు. గోదావరి తీరపు తేమలో బసాల్ట్ లోపలిదాకా శిథిలమవుతుంది. బంకమట్టి ఖనిజాలుగా మారిన చోట ఆర్గాన్ నిలవదు. మొత్తం రాయికి బదులు అందులోని ప్లాజియోక్లేజ్ స్ఫటికాలను ఏరి కొలిస్తే మేలే గానీ, వాటిలో పొటాషియం మరీ తక్కువ, కాల్షియం ఎక్కువ. రియాక్టర్‌లో కాల్షియం నుంచి కూడా ఆర్గాన్-36, 39 పుట్టి లెక్క తప్పిస్తాయి. అదే కాల్షియం నుంచి పుట్టే ఆర్గాన్-37ను కొలిచి సవరించుకోవాలి. కిమ్ నైట్, పాల్ రెన్ తదితరులు 2003లో ఈ తిప్పలన్నీ పడి పంగిడి ప్రాంతపు పొరలకు 6.47 కోట్ల ఏళ్లు అని లెక్క తేల్చారు; అటూఇటూ ఆరు లక్షల ఏళ్ల లోపు తేడాతో. రాజమండ్రి ట్రాప్స్ మీద అంతకు చాలా ముందు నుంచే పనిచేస్తున్న అజోయ్ బక్సీ ఆ కొలతలను ప్రశ్నిస్తూ 2005లో విమర్శ రాశారు. రాయి ఎంత శిథిలమైందో ముందు తేలాలి, తర్వాతే వయసు అన్నది ఆయన పట్టు. అందుకు ఆయన వాడిన కొలబద్ద కూడా ఆర్గానే: శిథిలమైన ఖనిజాలు గాలి నుంచి ఆర్గాన్-36ను ఎక్కువగా పట్టుకుంటాయి కాబట్టి, అది ఎంత ఎక్కువైతే రాయి అంత పాడైనట్టు.

ఈ వయసుకు విలువ ఎందుకంటే, మహారాష్ట్ర, తెలంగాణ, మధ్యప్రదేశ్, గుజరాత్‌లలో పరుచుకున్న దక్కన్ లావా కూడా ఆ కాలానిదే. అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో వెంకటేశన్, పాండే, గోపాలన్ 1993లో పశ్చిమ కనుమల పొరలకు ఆర్గాన్ పద్ధతిలోనే వయసు కట్టారు. రాజమండ్రి లావా రసాయనికంగా పశ్చిమ కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ పొరలకు సరిపోలుతుంది. రసాయనం, వయసు, అయస్కాంత దిశ మూడూ కలిశాక, ఈ లావా ఇక్కడ పుట్టింది కాదని, పశ్చిమ కనుమల వైపు పైకి వచ్చి ఆనాటి నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి తూర్పు సముద్రాన్ని చేరిందని భావిస్తున్నారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి. డెల్టా కింద దాని కొనసాగింపు ఓఎన్‌జీసీ బావుల్లో తగులుతుంది. ఆ భూగర్భ పొరకు రాజోలు పేరే పెట్టారు.

అయితే ఆర్గాన్ చేయలేనిది కూడా ఇక్కడే బయటపడింది. పంగిడి క్వారీల్లో కింది లావా పొర అయస్కాంత దిశ ఈనాటి దిశకు తలకిందులు, పై పొరది ఈనాటి దిశే. భూ అయస్కాంత క్షేత్రం తిరగబడటానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి పారాయన్నమాట. ఆర్గాన్ మాత్రం రెండింటికీ ఒకే వయసు చెప్పింది, ఎందుకంటే దాని లెక్కలోని తేడాయే లక్షల ఏళ్లు. రెండు పొరల నడుమ ఉన్న సున్నపురాతి పొరలో గెర్టా కెల్లర్ బృందం 2008లో ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల శిలాజాలను వర్గీకరించి, అవి డైనోసార్లు అంతరించిన ఘట్టం తర్వాత మొట్టమొదట కనిపించే జాతులని తేల్చింది. కింది లావా ఆ ఘట్టానికి అతి దగ్గరలో ఆగిందన్నమాట. రాయి వయసుకు పునాది ఆర్గాన్ వేసినా, ఇక్కడ సూక్ష్మమైన తేదీ ఇచ్చినవి ఆ శిలాజాలూ అయస్కాంత దిశే.

పాత అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రాజమండ్రి లావాకు 6.47 కోట్లు, డైనోసార్ల అంతానికి 6.6 కోట్లు అని పక్కపక్కన పెట్టి పదమూడు లక్షల ఏళ్ల ఎడం ఉందనుకోకూడదు. ఆర్గాన్ పద్ధతిలో చాలా వయసులు అమెరికాలోని ఫిష్ కాన్యన్ అనే చోటి స్ఫటికాలతో పోల్చి కట్టినవే. ఆ స్ఫటికాల వయసును చాలాకాలం 2.802 కోట్ల ఏళ్లుగా తీసుకున్నారు; 2008 సవరణలో అది 2.820 కోట్లయింది. దాంతో దాన్ని ఆధారం చేసుకున్న వయసులన్నీ సుమారు 0.6 శాతం పెరిగాయి. డైనోసార్ల అంతం 6.55 నుంచి 6.6 కోట్లకు జరిగింది కూడా ఇలాగే. తరాజు మారినప్పుడు రెండు వైపులా మార్చి చదవాలి. పత్రికల్లో ఈ సవరణ చెప్పకుండానే అంకెలు పక్కపక్కన పడుతుంటాయి.

హీలియం కూడా ఈ లావా గురించి ఒక మాట చెప్పింది. భూమి పుట్టినప్పటి నుంచీ లోతుల్లో ఉండిపోయిన హీలియంలో హీలియం-3 పాలు ఎక్కువ. యురేనియం, థోరియం క్షీణతలో కొత్తగా పుట్టేదంతా హీలియం-4. దక్కన్ లావా తొలినాళ్ల రాళ్లలో హీలియం-3 పాలు గాలిలో కంటే 14 రెట్ల దాకా ఎక్కువని ఆశిష్ బసు బృందం 1993లో చూపింది. ఆ లావాకు మూలం భూమి లోతుల్లో ఉందనడానికి అదొక బలమైన ఆధారం.

జడవాయువులతో నీటికీ వయసు కట్టవచ్చు. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు గాలిలోని క్రిప్టాన్‌ను తాకి క్రిప్టాన్-81ని పుట్టిస్తాయి. దాని అర్ధాయువు 2.3 లక్షల ఏళ్లు. వాన నీటిలో కరిగి భూమిలోకి ఇంకాక కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ పోతుంది. రాళ్లతోనూ సూక్ష్మజీవులతోనూ కలవదు కాబట్టి తరుగుదలకు వేరే కారణం ఉండదు. వయసు కట్టడానికే వాడే కార్బన్-14కు ఈ సౌకర్యం లేదు. క్రిప్టాన్ పరమాణువుల్లో లక్ష కోట్లకు ఒకటి కూడా ఇలాంటిది ఉండదు. లేజర్ కాంతితో ఆ ఒక్కొక్కదాన్నీ పట్టి లెక్కించే పద్ధతితో ఈజిప్టు ఎడారి కింది నీటికి రెండు లక్షల నుంచి పది లక్షల ఏళ్ల వయసు తేలింది.

చలి పుట్టించే వాయువు

పరిశోధనాలయాల్లోకీ ఆస్పత్రుల్లోకీ వెళ్లే హీలియంలో పెద్ద వాటా వయసు కట్టడానికి కాదు, చల్లబరచడానికి. 1908 జూలై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ హీలియంను ద్రవంగా మార్చాడు. అది మరిగేది 4.2 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు కింద 269 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర. మామూలు పీడనంలో ఎంత చల్లబరిచినా గడ్డకట్టని ద్రవం ఇదొక్కటే. ఈ చలిలో 1911లో పాదరసం విద్యున్నిరోధాన్ని పూర్తిగా కోల్పోవడం ఓన్స్ ప్రయోగశాలలోనే కనిపించింది.

ఎంఆర్ఐ యంత్రపు గుండె ఆ ఆవిష్కరణే. నియోబియం-టైటానియం తీగ చుట్టలను ద్రవ హీలియంలో ముంచితే అవి అతివాహకాలవుతాయి. ఒకసారి విద్యుత్తు ఎక్కిస్తే సరఫరా తీసేసినా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది, అయస్కాంతం తగ్గదు. సాధారణ యంత్రంలో వెయ్యిన్నర లీటర్లకు అటూఇటూగా ద్రవ హీలియం పడుతుంది. మూసిన గొట్టాల్లో కొద్ది లీటర్లతోనే నడిచే నమూనాలు ఈమధ్య వచ్చాయి. ఏ కారణం వల్లనైనా తీగ వేడెక్కితే అతివాహకత ఒక్కసారిగా పోయి ద్రవమంతా వాయువై ఏడువందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. విషం కాకపోయినా గదిలోని ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది. అందుకే సాధారణ యంత్రానికి మీద నుంచి భవనం బయటికి లావుపాటి గొట్టం తప్పనిసరి.

రోగి శరీరానికి ఎంఆర్ఐ ఎలాగో, పరీక్షనాళికలోని అణువుకు అదే సూత్రంతో పనిచేసే ఎన్ఎంఆర్ అలాగ. హైదరాబాదులోని సీసీఎంబీ, ఐఐసీటీ వంటి సంస్థల్లో మందు అణువులు, ప్రొటీన్ల ఆకృతిని ఈ పరికరాలతో విప్పుతారు. బయట ద్రవ నైట్రోజన్, లోపల ద్రవ హీలియం ఉండే ఆ పాత్రలను గడువు తప్పకుండా నింపుతూ ఉండాలి. హీలియం సరఫరా బిగుసుకున్నప్పుడల్లా పరిశోధకుల గుండెలో రాయి పడేది ఇందుకే.

ఊపిరితిత్తుల్లో కొలత

వైద్యంలో జడవాయువుల వాడకానికి అన్నిటికంటే సరళమైన ఉదాహరణ హీలియంతో ఊపిరితిత్తుల కొలత. మామూలుగా ఊపిరి వదిలాక కూడా ఛాతీలో కొంత గాలి మిగులుతుంది. అదెంతో ఊది కొలవలేం, ఎందుకంటే అది బయటికి రాదు. అందుకని తెలిసిన పాళ్లలో హీలియం కలిపిన గాలిని మూసిన యంత్రం నుంచి పీల్చి వదలమంటారు. హీలియం రక్తంలో దాదాపు కరగదు, కణజాలంతో కలవదు. యంత్రానికీ ఊపిరితిత్తులకూ మధ్య సమంగా పలచబడుతుంది, అంతే. యంత్రంలో 3 లీటర్ల గాలి, అందులో 10 శాతం హీలియం ఉండి, కాసేపటికి అది 6 శాతానికి దిగితే మొత్తం గాలి 5 లీటర్లన్నమాట. ఛాతీలో మిగిలినది 2 లీటర్లు. ఈ కొలత ఒక చోట తప్పుతుంది: జబ్బు చేసిన ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోయిన గదుల్లోకి హీలియం చేరలేదు, అందుకని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆ తక్కువ ఎంతో వేరే పద్ధతితో పోల్చిచూస్తే, చిక్కుకున్న గాలి లెక్క కూడా వైద్యుడికి తెలుస్తుంది.

గాలిలో నైట్రోజన్ బదులు హీలియం కలిపితే ఆ మిశ్రమం సాంద్రత గాలిలో మూడో వంతుకు పడిపోతుంది. ఇరుకైన శ్వాసనాళంలో అది సుడులు తక్కువగా, తేలికగా సాగుతుంది. అల్వాన్ బరాక్ 1930ల నడుమ ఆయాసపు రోగులకు దీన్ని ఇచ్చిచూశాడు. ఇది జబ్బును నయం చేయదు. అసలు మందు పనిచేసేదాకా ఊపిరి తీసే కష్టాన్ని తగ్గిస్తుంది. లోతైన సముద్రంలో దిగే గజ ఈతగాళ్లకు నైట్రోజన్ మత్తెక్కకుండా ఇచ్చేదీ ఇలాంటి మిశ్రమమే.

జీనాన్ తీరు వేరు. గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు కూడా లేని ఈ బరువైన వాయువు కొవ్వులో కరుగుతుంది, మెదడును చేరుతుంది. రసాయన బంధమేదీ లేకుండానే మనిషిని స్పృహ తప్పిస్తుంది. 1951లో కల్లెన్, గ్రాస్ దానితో మనుషులకు మత్తిచ్చారు. మెదడులోని ఎన్ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుందని 1998లో గానీ తెలియలేదు. రక్తంలో తక్కువగా కరుగుతుంది కనుక ఆపగానే రోగి త్వరగా తెలివిలోకి వస్తాడు, గుండె మీద భారం తక్కువ. ఇన్ని సుగుణాలున్నా వాడకం పెరగకపోవడానికి కారణం ధర. పుట్టగానే ఊపిరందని శిశువుల మెదడును కాపాడుతుందని పెట్టుకున్న ఆశ కూడా ఫలించలేదు: 92 మంది శిశువులపై బ్రిటన్‌లో జరిపిన పరీక్షలో, శరీరాన్ని చల్లబరిచే చికిత్సకు జీనాన్ కలిపినందువల్ల అదనపు మేలు కనబడలేదు. ఇక క్రీడాకారులు ఎర్రరక్తకణాలు పెంచుకోవడానికి దీన్ని పీలుస్తున్నారన్న కారణంతో 2014లో క్రీడల్లో నిషేధిత పదార్థాల జాబితాలో చేర్చారు. జడవాయువు నిషేధిత మందుల సరసన చేరడం బహుశా రామ్సే ఊహించి ఉండడు.

జీనాన్ నిజంగా కొత్త దారి తెరిచింది ఊపిరితిత్తుల చిత్రణలో. మామూలు ఎంఆర్ఐ నీటిలోని హైడ్రోజన్‌ను చూస్తుంది. గాలితో నిండిన ఊపిరితిత్తులు అందులో నల్లటి ఖాళీలుగానే కనిపిస్తాయి. జీనాన్‌లో నాలుగో వంతు ఉండే జీనాన్-129 కేంద్రకాలను లేజర్ కాంతి, రుబీడియం ఆవిరి సాయంతో ఒకే దిశకు తిప్పి ఉంచితే వాటి సంకేతం పదివేల రెట్లకు పైగా పెరుగుతుంది. రోగి దాన్ని పీల్చి కొన్ని సెకన్లు ఊపిరి బిగబడితే చాలు. వాయుకోశంలో ఉన్న జీనాన్ ఒక పౌనఃపున్యంలో, పొరలో కరిగినది మరో పౌనఃపున్యంలో, ఎర్రరక్తకణంలో చేరినది ఇంకో పౌనఃపున్యంలో పలుకుతుంది. గాలి ఎక్కడిదాకా వెళ్లింది, పొర దాటిందా, రక్తంలోకి చేరిందా అన్న మూడు ప్రశ్నలకూ ఒకే ఊపిరిలో జవాబు. సీటీ స్కాన్ మామూలుగా ఉన్నా ఆయాసం తగ్గని కోవిడ్ రోగుల్లో కొందరికి లోపం ఈ మూడో మెట్టులో ఉందని బ్రిటన్ పరిశోధకులు దీనితోనే గుర్తించారు. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇందులో మొదటి మెట్టుకు, అంటే గాలి ఎక్కడిదాకా వెళ్లిందో చూసే చిత్రణకు, అనుమతిచ్చింది.

జ్వాల, కాంతి

ఆర్గాన్‌కు రోజువారీ ఉద్యోగం ప్రయోగశాలల్లో ఉంది. అధిక పౌనఃపున్య విద్యుత్తుతో దాన్ని ఆరువేల నుంచి పదివేల డిగ్రీల ప్లాస్మాగా మార్చి, అందులోకి నీరు, మట్టి, రక్తం వంటి నమూనా తుంపర పంపితే అణువులన్నీ విడిపోయి మూలకాలుగా తేలతాయి. వందకోట్లకు ఒక పాలు సీసం, ఆర్సెనిక్ ఉన్నా పట్టుబడుతుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) ఈ పద్ధతిలో రాళ్లు, నీళ్లు విశ్లేషిస్తుంది, అక్కడ పనిచేసిన వి. బాలరాం ఈ రంగంలో పేరున్న శాస్త్రజ్ఞుడు. పదార్థాల స్వచ్ఛతను పరీక్షించే జాతీయ కేంద్రం కూడా ఆ నగరంలోనే ఉంది. ఎండోస్కోపీలో రక్తం కారే చోట ఆర్గాన్ ప్లాస్మాతో తాకకుండానే కాల్చి ఆపుతారు.

1960 నుంచి 1983 దాకా మీటరు కొలతకు ప్రమాణం క్రిప్టాన్-86 నారింజ కాంతి: 16,50,763.73 తరంగదైర్ఘ్యాలు కలిస్తే ఒక మీటరు. హీలియం-నియాన్ లేజర్ ఎర్రటి కిరణాన్ని ఎన్నో కళాశాలల భౌతికశాస్త్ర విద్యార్థులు చూసే ఉంటారు. కంటి అద్దాలు అక్కర్లేకుండా కార్నియాను చెక్కే లేజర్‌లో ఆర్గాన్, ఫ్లోరిన్ కలుస్తాయి. మామూలుగా కలవని ఆ రెండూ విద్యుత్ తాకిడికి కొన్ని నానోసెకన్లు జతకట్టి, విడిపోతూ 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వదులుతాయి. ఆ కాంతి చుట్టుపక్కల కాల్చకుండా కణజాలాన్ని మాత్రమే పొరలు పొరలుగా తీసేస్తుందని 1981లో మొదట గమనించిన బృందంలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఉన్నారు.

ఆర్గాన్ కొరత రాదు. గాలిని ద్రవంగా మార్చి ఉక్కు తయారీకి ఆక్సిజన్ తీసే చోటల్లా అది ఉపఉత్పత్తిగా వస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ అంతే. హీలియం సంగతి వేరు. గాలిలో అది పది లక్షలకు ఐదు పాళ్లే, బయటపడ్డది క్రమంగా అంతరిక్షంలోకి జారిపోతుంది. యురేనియం, థోరియం క్షీణించగా కోట్ల ఏళ్లపాటు సహజవాయువు పొరల్లో పోగైనదే ఇవాళ అమెరికా, ఖతార్ వంటి చోట్ల నుంచి వస్తోంది. భారతదేశం తన అవసరానికి దాదాపు పూర్తిగా దిగుమతి మీదే ఆధారపడుతుంది. ఓన్స్ తన తొలి హీలియంను పిండుకున్నది థోరియం ఉన్న మోనజైట్ ఇసుకను వేడిచేసి. అది అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి తెప్పించినది. కాకినాడ, నరసాపురం తీరాల్లోని బరువు ఖనిజాల ఇసుకలోనూ మోనజైట్ ఉంది. అయితే అందులోని హీలియం పరిశ్రమకు సరిపోయేంత కాదు. ఆస్పత్రులు, ప్రయోగశాలలు ఇప్పుడు చేస్తున్నది మరిగిపోయిన వాయువును గొట్టాలతో పట్టి మళ్లీ ద్రవంగా మార్చుకోవడం.